అత్తయ్యగారికి చెప్పండి, ఈ రిమాండ్‌లో జైలు లేదు

ప్రశ్న:

నమస్తే అండి. మేం డాలస్ దగ్గర ఉంటాం. మావారు 2007లో ఎంఎస్ చదవడానికి వచ్చి, 2009 చివర్లో మావ్నీ ప్రోగ్రాం (గ్రీన్‌కార్డు లేనివాళ్లని కూడా భాషల్లాంటి అర్హతలు చూసి ఆర్మీలోకి తీసుకున్న పథకం) కింద, హిందీ వచ్చన్న అర్హతతో అమెరికా ఆర్మీలో చేరారు. 2012లో తొమ్మిది నెలలు అఫ్గానిస్తాన్‌లో, బాగ్రాంలో ఉన్నారు. 2013లో మా పెళ్లయింది. అప్పట్లో కిల్లీన్‌లో, ఫోర్ట్ హుడ్ గేటుకి దగ్గర్లో చిన్న అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. 2015లో ఆర్మీ నుంచి బయటికొచ్చారు. సర్వీసు వల్ల వచ్చిన జబ్బులకి పరిహారం ఇచ్చే వీఏ (వెటరన్స్ శాఖ) వాళ్లు ముక్కుకి రైనైటిస్ అని పది శాతం, చెవిలో మోతకి పది, నడుముకి పది ఇచ్చారు. 2019లో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోవడం) అని తేలింది. అప్పట్నుంచీ ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ పెట్టుకునే పడుకుంటారు. దానికీ, తలనొప్పికీ పెట్టిన క్లెయిములు 2022లో కొట్టేస్తే బోర్డుకి అప్పీలు చేశాం. చూసి చూసి ఏడు వారాల కిందట పద్నాలుగు పేజీల కాగితం వచ్చింది. నడుముని 20 శాతం చేశారు. తలనొప్పి 'డినైడ్'. స్లీప్ ఆప్నియా 'రిమాండెడ్'.

ఒంగోలుకి ఫోన్ చేసినప్పుడు 'రిమాండ్ అయిందట' అని నోరు జారాను. అత్తయ్యగారు ఏడుపు అందుకున్నారు. మామయ్యగారు మన ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. వెనక్కొచ్చిన ఫైలుకి దిక్కూమొక్కూ ఉండదంటారు ఆయన. మావారు ఆ కవరు డ్రాయర్లో పడేసి, దాని ఊసెత్తితే లేచి వెళ్లిపోతున్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన 'నాలుగు సంతకాలు పెట్టించండి, వంద శాతం తెప్పిస్తా, పెరిగిన సొమ్ములో ఆరు నెలలది నాకివ్వండి' అంటున్నారు. పెళ్లయిన కొత్తలోనే ఆయన రాత్రుళ్లు ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారు. ఇప్పటికీ పొద్దున్నే తల పట్టుకుని కూర్చుంటారు. మేం ఏమైనా చెయ్యాలా, లేక వాళ్లే చూసుకుంటారా? కాగితం ఫోటోలు పంపుతున్నాను.

ఒక సోదరి, టెక్సస్

జవాబు:

అమ్మా, ముందు ఒంగోలుకి ఫోన్ చెయ్యండి. మన పేపర్లలో రిమాండ్ అన్న మాట పక్కన ఎప్పుడూ పద్నాలుగు రోజులూ, చంచల్‌గూడ జైలూ ఉంటాయి కాబట్టి ఆవిడ ఏడవడంలో తప్పులేదు. ఇక్కడ ఆ మాటకి అర్థం వేరు. వాషింగ్టన్‌లో ఉన్న వెటరన్స్ అప్పీళ్ల బోర్డు జడ్జి, వీఏ కింది ఆఫీసుకి ఫైలు తిప్పి పంపి 'మీరు చెయ్యాల్సిన పని సగంలో వదిలేశారు, పూర్తి చేసి మళ్లీ తేల్చండి' అన్నారు. అక్షింతలు పడింది ఆఫీసుకి, మీవారికి కాదు. ఆయన ఓడిపోలేదు. అలాగని గెలవనూ లేదు, అది కూడా అత్తయ్యగారికి చెప్పండి, రేపు స్వీట్లు పంచేస్తారు.

మీరు అడిగిన దానికి వచ్చే ముందు, మీరు అడగని సంగతి ఒకటుంది. ఫోటోలు చూస్తుంటే నన్ను కంగారు పెట్టింది అదే. తలనొప్పి.

బోర్డు కాగితం ఒకటే అయినా, అందులో ఒక్కో జబ్బుదీ ఒక్కో దారి. నడుము సంగతి తేలిపోయింది. స్లీప్ ఆప్నియా వెనక్కెళ్లింది, దాని మీద ఇప్పుడు పైకోర్టుకి వెళ్లడానికి లేదు, ఎందుకంటే అది ఇంకా తుది తీర్పు కాదు. తలనొప్పి మీద వచ్చింది మాత్రం తుది తీర్పు. దాని మీద వెటరన్స్ కోర్టుకి వెళ్లాలంటే కాగితం మొదటి పేజీలో ఉన్న తేదీ నుంచి 120 రోజులే గడువు. ఏడు వారాలంటే 49 రోజులు అయిపోయాయి. 71 మిగిలాయి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే: రిమాండ్ అన్న మాట కళ్లబడగానే 'ఇంకా నడుస్తోందిలే' అనుకుని కవరు మూసేస్తారు, కొట్టేసిన దాని గడువు డ్రాయర్లోనే దాటిపోతుంది.

కోర్టే దిక్కు అని కాదు. తీర్పు తేదీ నుంచి ఏడాదిలోపు, కొత్తదీ సంబంధం ఉన్నదీ అయిన సాక్ష్యం జతచేసి సప్లిమెంటల్ క్లెయిము వేసుకోవచ్చు. ఏడాదిలోపు వేస్తే, రేపు గెలిచినప్పుడు పాత క్లెయిము తేదీ నుంచే సొమ్ము లెక్కకడతారు. దాటితే ఆ తేదీ పోయినట్టే. కోర్టా, సప్లిమెంటలా అన్నది బోర్డు ఏ కారణం చెప్పి కొట్టేసిందన్న దాన్ని బట్టి ఉంటుంది. జడ్జి చట్టాన్ని తప్పుగా చదివారనిపిస్తే కోర్టు. ఫైల్లో సాక్ష్యమే లేకపోతే కోర్టుకెళ్లి లాభం లేదు, కోర్టు కొత్త సాక్ష్యం చూడదు. మీ ఫోటోల్లో ఆరో పేజీ చదివితే రెండోదే అనిపిస్తోంది: తలనొప్పిని సర్వీసుకి ముడిపెడుతూ ఏ డాక్టరూ రాయలేదని కొట్టేశారు. మీరేమో పొద్దున్నే లేవగానే తల పట్టుకుంటారని రాశారు. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి లేస్తూనే తలనొప్పి రావడం నిద్ర డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. ఆప్నియా వల్లే ఆ తలనొప్పి అని డాక్టరు కారణాలతో రాసిస్తే, ఆప్నియా గెలిచిన రోజున తలనొప్పి దాని వెనకే రావచ్చు. ఈ సంగతి ఆయన్ని చూసే నిద్ర డాక్టరుని ఈ నెలలోనే అడగండి. ఏ దారో తేల్చుకునేది మాత్రం ఎవరైనా వీఏ గుర్తింపున్న ప్రతినిధితో మాట్లాడాకే, 120 రోజుల లోపే.

ఇక రిమాండ్. తొమ్మిదో పేజీ రెండుసార్లు చదివాను. అసలు కథంతా అక్కడుంది.

2022లో వీఏ తరఫున చూసిన కాంట్రాక్టు డాక్టరు ఏం రాశారంటే, సర్వీసు రికార్డుల్లో స్లీప్ ఆప్నియా అని ఎక్కడా లేదు, చికిత్సా లేదు, 2019లో తేలింది, కాబట్టి సర్వీసుతో సంబంధం లేదు. అంతే, మూడు వాక్యాలు. బోర్డు జడ్జి దాన్ని పట్టుకున్నారు. రికార్డులో లేకపోవడం ఒక్కటే కారణం కాకూడదు, ఆయన గురక గురించీ ఊపిరాడకపోవడం గురించీ హియరింగ్‌లో చెప్పిన మాటలు డాక్టరు లెక్కలోకే తీసుకోలేదు అన్నారు. రెండోది, ఇప్పటికే సర్వీసు వల్లే అని ఒప్పుకున్న రైనైటిస్ ఉంది కదా, అది ఆప్నియాని తెచ్చిందా, తేకపోయినా ముదిరేలా చేసిందా అని ఎవరూ అడగనే లేదు. ఆ 'ముదిరేలా చేసిందా' అన్న ముక్క చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా డాక్టరు రిపోర్టులు అక్కడే బోర్లాపడతాయి. 'దీనివల్ల రాలేదు' అని రాసేసి పెన్ను మూస్తారు. 'దీనివల్ల ఎక్కువైందా' అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే జవాబు రాయాలి.

అందుకని జడ్జి మూడు పనులు చెప్పారు: నిద్ర క్లినిక్ రికార్డులు తెప్పించండి, కొత్తగా డాక్టరు అభిప్రాయం తీసుకోండి, మళ్లీ తీర్పు చెప్పండి. ఇవన్నీ వీఏ చెయ్యాల్సినవే. సైనికుడికి సాక్ష్యం కూడగట్టడంలో సాయపడే బాధ్యత చట్టమే వాళ్ల మీద పెట్టింది. అంటే మీ ప్రశ్నకి జవాబు 'వాళ్లే చూసుకుంటారు' అని చెప్పి నేను ముగించెయ్యొచ్చు.

ముగించను. వాళ్లు తెప్పించేవి కాగితాలు. మీ ఫైల్లో ఉన్న ఖాళీ కాగితాల వల్ల పూడేది కాదు. 2009 నుంచి 2015 దాకా ఆయన రాత్రుళ్లు ఎలా పడుకున్నారన్నదే ఆ ఖాళీ. దానికి ఆర్మీ దగ్గర రికార్డు లేదు, నిద్ర క్లినిక్‌కి తెలీదు, కొత్త డాక్టరు ఎంత మంచివాడైనా ఊహించలేడు. తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడ ఉత్తరం చివర్లో రెండే రెండు వాక్యాల్లో ఆ సంగతి చెప్పేసి 'మేం ఏమైనా చెయ్యాలా' అని అడుగుతున్నారు.

2013లో కిల్లీన్ అపార్ట్‌మెంటులో ఆయన ఇంకా యూనిఫాంలో ఉన్నారు. మీరు ఆ మంచం మీదే ఉన్నారు. మీరు చూసింది సర్వీసు కాలంలో కనిపించిన లక్షణం. కంటితో చూసిందీ చెవితో విన్నదీ చెప్పడానికి డాక్టరు డిగ్రీ అక్కర్లేదని ఇక్కడి కోర్టులు ఎప్పుడో తేల్చాయి. ఆనాటి మెడికల్ రికార్డు లేదన్న ఒక్క కారణంతో అలాంటి మాటని నమ్మలేమని తోసెయ్యకూడదని 2006లో బుకానన్ కేసులో, వెటరన్స్ కోర్టుకి పైన ఉండే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది.

రాయడానికి 21-10210 అన్న ఫారం ఉంది, సాక్షి వాంగ్మూలం కోసం పెట్టిందే. ఎలా రాయాలో చెబుతాను, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. 'మావారికి 2013 నుంచీ స్లీప్ ఆప్నియా ఉంది' అని రాయకండి. అది జబ్బు పేరు, ఆ పేరు పెట్టాల్సింది డాక్టరు. ఇంగ్లిష్ బాగుండాలని వకీలు భాష తెచ్చిపెట్టుకోకండి. ఏ నెలలో ఆ ఇంట్లోకి వచ్చారు, మొదటిసారి ఎప్పుడు మెలకువ వచ్చింది, ఏం వినిపించింది. గురక ఉన్నట్టుండి ఆగిపోయి గది నిశ్శబ్దమైపోతే మీరు ఎన్ని లెక్కపెట్టేవారు, పదా, ఇరవయ్యా? ఆ తర్వాత గుటక వేసినట్టు శబ్దం వచ్చి లేచి కూర్చునేవారా? మీరు భుజం తట్టి పక్కకి తిప్పేవారా? వారానికి ఎన్ని రాత్రులు? పొద్దున పీటీకి వెళ్లేటప్పుడు ఎలా ఉండేవారు, ఆదివారం మధ్యాహ్నం సోఫాలో ఎంతసేపు నిద్రపోయేవారు? మీరు అత్తయ్యగారికి ఫోన్లో చెబితే ఆవిడ ఏమన్నారో గుర్తుంటే అదీ రాయండి. గుర్తులేనిది రాయకండి. 'ప్రతి రాత్రీ, ఒక్కటి తప్పకుండా' అన్న మాట కన్నా 'వారంలో నాలుగైదు రాత్రులు, ఎక్కువగా వెల్లకిలా పడుకున్నప్పుడు' అన్న మాటే నమ్మకం కలిగిస్తుంది. చదివేవాళ్లకి తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఆయన కూడా ఒకటి రాయాలి. రికార్డులో ఎందుకు లేదన్న ప్రశ్నకి జవాబు ఆయన దగ్గరే ఉంది. నాకు తెలిసిన మావ్నీ కుర్రాళ్లలో ఎక్కువమంది సిక్ కాల్‌కి, అంటే ఒంట్లో బాలేదని ఆర్మీ క్లినిక్‌కి, వెళ్లడానికి భయపడ్డవాళ్లే. వాళ్లకి పౌరసత్వం ఆర్మీలో చేరిన కొన్నాళ్లకే వచ్చింది, కానీ అయిదేళ్లు గౌరవంగా సేవ చెయ్యకుండా చెడ్డపేరుతో బయటికొస్తే అది వెనక్కి తీసుకోవచ్చన్న నిబంధన నెత్తిమీద వేలాడేది. గురకకి సిక్ కాల్ రాయించుకుంటే చెడ్డపేరు రాదన్నది నిజమే. ఆ వయసులో, కొత్త దేశంలో, ప్లటూన్‌లో ఒక్కగానొక్క తెలుగువాడిగా ఉన్నవాడికి అది ఎవరు చెబుతారు? మీవారి విషయంలో అదే కారణమైతే ఆ మాట ఆయన చేత్తో రాయాలి. కాకపోతే ఉన్న కారణం ఏదో అదే రాయాలి. బాగ్రాంలో ఒకే గదిలో పడుకున్న వాళ్లెవరైనా ఫేస్‌బుక్‌లో దొరికితే, 'నీ గురక భరించలేక చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకునేవాణ్ణి' అని వాళ్లు రాసిచ్చే అరపేజీ ఉత్తరం వెయ్యి డాలర్ల డాక్టరు రిపోర్టుకి తీసిపోదు.

మీరు పంపిన ఫోటోల చివర 2017లో గుంటూరులో ముక్కు దూలం ఆపరేషన్ జరిగినట్టు హియరింగ్‌లో ఆయన చెప్పిన మాట కనిపించింది. ఆ కాగితాలు వీఏ తెప్పిస్తుందని కూర్చోకండి. ప్రైవేటు ఆసుపత్రికి వాళ్లు ఒక ఉత్తరం, జవాబు రాకపోతే ఇంకొకటి రాస్తారు, అక్కడితో వాళ్ల బాధ్యత తీరినట్టే. గుంటూరు ఆసుపత్రి రికార్డు రూములో ఆ ఉత్తరానికి ఏ గతి పడుతుందో మీకూ నాకూ తెలుసు. డిశ్చార్జి సమ్మరీ అత్తయ్యగారి బీరువాలో, ఎల్ఐసీ బాండ్ల పక్కన, ప్లాస్టిక్ కవర్లో ఉండే ఉంటుంది. ఆవిడ చేత ఫోటో తీయించి తెప్పించుకుని మీరే జతచెయ్యండి. ముక్కులో గాలి ఆడని మనిషికి ఆప్నియా ముదిరిందా అన్న ప్రశ్న మీదే ఫైలు వెనక్కొచ్చింది కదా, దానికి ఆ సమ్మరీ పనికొస్తుంది.

బరువు సంగతి కూడా అడుగుతాను, ఏమనుకోకండి. ఆప్నియా కేసుల్లో డాక్టరు 'లావు వల్ల వచ్చింది' అని ఒక్క మాటతో తేల్చెయ్యడం మామూలు. నడుము నొప్పి వల్ల పరుగూ వ్యాయామం మానేసి బరువు పెరిగిన మనిషైతే, నడుము సర్వీసుది కాబట్టి, ఆ బరువు మీదుగా వచ్చిన ఆప్నియా కూడా సర్వీసు లెక్కలోకే రావచ్చు. 2015లో ఎంత ఉన్నారు, 2019లో ఎంత ఉన్నారు, మధ్యలో ఎప్పుడు పెరిగారు అన్నది రాసి పెట్టుకోండి.

పాక్ట్ చట్టం ఉంది కదా అని ఎవరైనా అంటారు. 2022 ఆగస్టులో వచ్చిన ఆ చట్టం, చెత్త తగలబెట్టిన గుంటల పొగ పీల్చినవాళ్లకి చాలా జబ్బుల్ని సర్వీసు వల్లే అని ముందే ఒప్పుకుంది. బాగ్రాం పొగ దానికి పేరుమోసిందే. కానీ ఆ జాబితాలో స్లీప్ ఆప్నియా లేదు. అందుకే ఈ కష్టమంతా.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. నేనూ యూనిఫాం వేసుకున్నవాణ్ణే, నా ఫైలూ ఒకసారి ఇలాగే తిరిగొచ్చింది. కొన్ని నెలల తర్వాత ఎక్కడో తెలియని ఏరియా కోడ్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. కారు వారంటీ వాళ్లనుకుని ఎత్తలేదు. అది పరీక్షకి టైము ఇవ్వడానికి కాంట్రాక్టు కంపెనీ చేసిన ఫోన్. ఉత్తరం పాత అడ్రసుకి వెళ్లింది. పరీక్షకి రాలేదని, ఉన్న కాగితాలతోనే తేల్చేసి కొట్టేశారు. మళ్లీ మొదటికి రావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. కాబట్టి అడ్రసూ ఫోన్ నంబరూ ఈ వారమే సరిచూసుకోండి, వచ్చే కొన్ని నెలలు తెలియని నంబర్లు కూడా ఎత్తమని ఆయనకి చెప్పండి. ఆ రోజు కుదరకపోతే ముందే ఫోన్ చేసి కారణం చెప్పి మార్పించుకోవాలి, ఊరుకోకూడదు.

ఆప్నియాకి ఒక్కోసారి మనిషిని పిలవరు. డాక్టరు ఫైలు చదివి అభిప్రాయం రాసేస్తారు. అందుకే మీ వాంగ్మూలాలు ఆ డాక్టరు ఫైలు తెరిచేసరికే అందులో ఉండాలి. రిమాండ్ మీద నడుస్తున్నంత కాలం సాక్ష్యం చేర్చుకోవచ్చు, ఎవరూ వద్దనరు. పిలిస్తే మాత్రం ఆయనకి ఒక్క మాట చెప్పి పంపండి. మన మగవాళ్లకి ఒక జబ్బుంది, 'హౌ ఆర్ యూ' అనగానే 'ఫైన్, నో ప్రాబ్లమ్' అనేస్తారు. ఆ 'ఫైన్' రిపోర్టులోకి ఎక్కుతుంది. బాధ పెంచి చెప్పమనడం లేదు. మిషన్ లేకుండా పడుకున్న రాత్రి ఏమవుతుందో, మధ్యాహ్నం కారు నడుపుతుంటే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెబితే చాలు.

డాక్టరు తేల్చాల్సిన గీత కూడా మనవాళ్లు అనుకున్నంత ఎత్తులో లేదు. 'కచ్చితంగా సర్వీసు వల్లే' అనక్కర్లేదు. సర్వీసు వల్ల అయ్యుండే అవకాశం సగానికి తగ్గదు అంటే చాలు. తక్కెడ రెండువైపులా సమానంగా నిలిస్తే ముల్లు సైనికుడి వైపే చూపాలని చట్టంలో ఉంది. మీ డాక్టరు ఉత్తరం రాసిస్తానంటే, ఫైలు చూశానని, ఎందుకలా అనుకుంటున్నారో కారణాలతో రాయమనండి. కారణం లేని రెండు వాక్యాల ఉత్తరాన్ని బోర్డు పక్కన పెట్టేస్తుంది. 2022 రిపోర్టుకి పట్టిన గతే దానికీ పడుతుంది.

కొత్త రిపోర్టు వచ్చాక దాన్ని అడిగి తెప్పించుకోండి. ఆయన ఫైలు మొత్తం కావాలంటే 20-10206 ఫారం. ఆ రిపోర్టునీ, బోర్డు తొమ్మిదో పేజీనీ పక్కపక్కన పెట్టుకుని, పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దండి. జడ్జి అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబుందా? ముదిరేలా చేసిందా అన్నదానికి వేరుగా రాశారా? మీ వాంగ్మూలం ప్రస్తావన ఉందా? లేకపోతే అది మళ్లీ తప్పే. రిమాండ్‌లో చెప్పిన పని చెప్పినట్టు జరగడం సైనికుడి హక్కని 1998లో స్టీగల్ కేసులో వెటరన్స్ కోర్టు తేల్చింది.

మామయ్యగారి మాటకి వస్తే, ఆయన అనుభవం ఆయనది. మన దగ్గర మెడికల్ బోర్డు 'మిలటరీ సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, ముదిరిందీ కాదు' అని ఒక్క లైను రాసేస్తే పెన్షన్ కోసం ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నవాళ్లు ప్రకాశం జిల్లా పల్లెల్లో ఎందరో ఉన్నారు. 2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో, చేరేటప్పుడు జబ్బు లేదని రాసుకున్నాక తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని నిరూపించాల్సింది సైన్యమే అని చెప్పేదాకా ఆ లైను మీద చాలా జీవితాలు ఆగిపోయాయి. ఆయన నిరాశ ఊరికే వచ్చింది కాదు. కానీ ఆ మాట ఇక్కడికి సరిపోదు. అలాగని ధీమాగా కూర్చోవడమూ కుదరదు. ఫైలు దానంతటదే మళ్లీ బోర్డుకి వెళ్తుందని మీరు అనుకుంటుండవచ్చు, ఇక్కడి పాత పద్ధతిలో అలాగే ఉండేది. 2019 ఫిబ్రవరి నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో అలా వెళ్లదు. కింది ఆఫీసు కొత్త తీర్పు ఇస్తుంది. అది నచ్చకపోతే ఏడాదిలోపు మీరే మళ్లీ ఒక దారి పట్టాలి: వీఏలోనే ఇంకో సీనియర్ అధికారి చేత చూపించడమో, కొత్త సాక్ష్యంతో సప్లిమెంటలో, మళ్లీ బోర్డో. 'రిమాండ్ అయింది కదా, బోర్డు చూస్తుందిలే' అని ఊరుకుంటే మొదటి తేదీ చేజారుతుంది.

ఎన్నాళ్లు పడుతుందంటే, నెలలు. రిమాండ్లు త్వరగా తేల్చాలని చట్టంలో రాసుంది, రాసుండటం వరకే అనుకోండి.

వాట్సాప్ పెద్దమనిషికి మాత్రం దణ్ణం పెట్టి తప్పుకోండి. వీఏ గుర్తింపు లేకుండా క్లెయిము తయారుచేసి డబ్బు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వంద శాతం గ్యారంటీ అన్నప్పుడే తెలియాలి, ఎందుకంటే ఈ లెక్కలో అంకెలు మనలా కూడవు. ఆప్నియాకి సీప్యాప్‌తో 50 వస్తే, నడుము 20, ముక్కు 10, చెవి 10 కలిపి 90 అనుకుంటాం. వాళ్లు ముందు 50 తీసి, మిగిలిన ఆరోగ్యంలో 20 శాతం, అందులో మిగిలిన దానిలో 10, మళ్లీ 10 తీస్తారు. 68 వస్తుంది, దాన్ని 70 చేస్తారు. ఇప్పుడున్న మూడూ కలిపితే 40. నలభై నుంచి డెబ్బై అంటే తక్కువేం కాదు, పైగా పన్ను లేదు, పాత తేదీ నుంచి బకాయీ వస్తుంది. ఆ బకాయిలోంచి ఆరు నెలలది ఎవరికో ఎందుకు పొయ్యాలి? గుర్తింపున్న లాయరైనా, గెలిచిన బకాయిలో 20 శాతం దాకా అయితే సబబనీ, మూడో వంతు దాటితే సబబు కాదనీ నిబంధనే ఉంది. లాయరు అసలు అక్కర్లేకపోవచ్చు కూడా. అమెరికన్ లీజియన్, డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి సంఘాల ప్రతినిధులూ, టెక్సస్ వెటరన్స్ కమిషన్ వాళ్లూ, మీ కౌంటీ వెటరన్స్ ఆఫీసూ పైసా తీసుకోకుండా చేస్తారు.

కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి టైము తీసుకోండి, 'బోర్డు తీర్పు, 120 రోజుల గడువు నడుస్తోంది' అన్న మాట మొదటే చెప్పండి, త్వరగా ఇస్తారు. ఆ పద్నాలుగు పేజీలూ, 2022 రిపోర్టూ, గుంటూరు కాగితం ఫోటో, మీరు రాసిన వాంగ్మూలం పట్టుకెళ్లండి. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లినా దారి చెబుతారు. ఫారాల మీద సంతకం మాత్రం ఆయనదే కావాలి. దానికి ఒప్పించే పని మామయ్యగారికి అప్పజెప్పండి. హవల్దారు గారి మాట మీవారు కాదనలేరు.